బొబ్బిలి వీణ కథల పుస్తకానికి ముఖచిత్రం: మొదటి డ్రాఫ్ట్ చూసి చెప్పండి

చంపావతి_గీతలు

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి. ఒక కథల సంపుటికి ముఖచిత్రం వేస్తున్నాను. పేరు "మెట్లెక్కిన పాట". బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల చుట్టూ తిరిగే కథలు. డ్రాఫ్ట్ జత చేశాను. ఫోన్లో తెరుచుకోనివాళ్ల కోసం బొమ్మలో ఏముందో రాస్తున్నాను.

ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి ఒకే బొమ్మ. నల్లటి నేపథ్యం. వీణ అడ్డంగా రెండు అట్టలమీదా పరుచుకుని ఉంది. కుండ (గుండ్రంగా తొలిచిన పెద్ద భాగం) ముందు అట్ట మీద, యాళి తల (పొడుగాటి దండి చివర చెక్కే సింహంలాంటి ముఖం) వెనక అట్ట మీద. వాయించే మనిషి మనకి ఎదురుగా కూర్చుని ఉంటుంది, ముఖం కనపడదు, చేతులే. ముందు అట్ట పైన మధ్యలో పసుపురంగు అక్షరాలతో పేరు రెండు వరుసల్లో. నేపథ్యం మీద పొందూరు ఖద్దరు గుడ్డని స్కాన్ చేసి పల్చగా పరిచాను. అడుగున ఎర్రటి పట్టీ, దానిమీద తెల్లటి సవర గిరిజనుల బొమ్మలు.

డెమీ 1/8 సైజు (140 × 216 మి.మీ.), 176 పేజీలు, లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మాప్లిథో కాగితం, అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్, మాట్ లామినేషన్, పర్ఫెక్ట్ బైండింగ్, ఆఫ్‌సెట్‌లో 1,000 కాపీలు. ప్రోక్రియేట్ అనే డ్రాయింగ్ యాప్‌లో వేశాను. కాన్వాస్ 302 × 222 మి.మీ., 300 డీపీఐ, ఆర్‌జీబీ (తెర రంగులు). వెన్ను 16 మి.మీ. పెట్టాను.

అడగాలనుకున్నవి: పేరు చదవడానికి బాగుందా? నలుపు ప్రింట్‌లో ఎలా వస్తుంది? వీణ నమ్మేలా ఉందా? "బాగుంది" అని ఊరుకోకండి, ఎక్కడ బాలేదో చెప్పండి.

ఆఫ్‌సెట్_పని

సైజు, కాగితం, కాపీలు అన్నీ ముందే రాశారు, సంతోషం. చాలామంది బొమ్మ ఒక్కటీ పెట్టి ఎలా ఉంది అంటారు.

మొదట వెన్ను. 16 అన్నది తప్పు. పేజీల లెక్కన గుణించినట్టున్నారు, ఆకుల లెక్కన చెయ్యాలి. 176 పేజీలంటే 88 ఆకులు. 70 జీఎస్ఎం మాప్లిథో ఆకు మందం సుమారు 0.09 మి.మీ. అంటే 7.9. అట్ట రెండువైపులా కలిపి 0.6. మొత్తం 8.5 మి.మీ. వస్తుంది. అదే బల్క్ ఎక్కువున్న నేచురల్ షేడ్ కాగితం కొంటే ఆకు 0.11 దాకా ఉంటుంది, వెన్ను 10 దాటుతుంది. అందుకే కాగితం ఖాయమయ్యాక ప్రెస్‌ని డమ్మీ అడగండి. అదే కాగితం 88 ఆకులు పేర్చి, అట్ట చుట్టి ఇస్తారు. స్కేలు పెట్టి కొలుచుకోవడమే.

16 మి.మీ. వెన్ను మీద వేసిన అట్టని 8.5 పుస్తకానికి చుడితే, వెన్ను మధ్యలో ఉంచినా అటూ ఇటూ దాదాపు 4 మి.మీ. చొప్పున వెన్ను బొమ్మ అట్టల మీదకి జరుగుతుంది. మీ పేరు వరుస అప్పటికే కుడి అంచుకి దగ్గరగా ఉంది. అది ఇంకా బయటికి పోయి కటింగ్‌లో పడుతుంది.

8.5 లెక్కన మొత్తం వెడల్పు 140 + 8.5 + 140, దానికి రెండువైపులా 3 చొప్పున బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు). 294.5 మి.మీ. ఎత్తు 216 + 6 = 222. 300 డీపీఐ దగ్గర 3,478 × 2,622 పిక్సెల్స్. నా సలహా: కాన్వాస్ దీనికంటే అన్నివైపులా ఇంకో 10 మి.మీ. పెద్దది తీసుకోండి, నేపథ్యం అంతవరకూ వెయ్యండి. వెన్ను 1 మి.మీ. పెరిగినా తగ్గినా మళ్లీ గీయక్కర్లేదు. ముందు, వెన్ను, వెనక వేరు వేరు గ్రూపుల్లో ఉంచండి.

నలుపు సంగతి రాత్రికి రాస్తాను, మెషీన్ మీద పని ఉంది.

వేగావతి_ఒడ్డు

బొమ్మ అందంగా ఉందండి, గానీ వీణ తిప్పీసి ఉంది.

మనిషి మనకి ఎదురుగా కూర్చుంటే కుండ ఆవిడ కుడిచేతి వైపు ఉండాలి, అంటే మనకి ఎడమన. మీ బొమ్మలో కుండ మనకి కుడిన ఉంది. ఆవిడ ఎడంచేత్తో మీటుతూ కుడిచేత్తో దండి మీది మెట్లు (స్వరాలకి నొక్కే అడ్డ పట్టీలు) నొక్కుతున్నట్టు అయిపోయింది. కుండ ముందు అట్ట మీదకి రావాలని మొత్తం బొమ్మని అద్దంలోలాగ తిప్పీసినట్టున్నారు. బొబ్బిలి వాళ్లెవరైనా పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు ఇదే కనిపెడతారు.

ఇంకా:

తీగలు 5 గీశారు. ఉండాల్సినవి 7. నాలుగు తీగలు మెట్ల మీదుగా, మూడు తాళం తీగలు దండి పక్కగా. ఆ మూడూ పెద్ద గుర్రం (కుండ మీద తీగల్ని ఎత్తిపట్టే వంతెన) మీద నుంచి వెళ్లవు, పక్కన వేరే చిన్న వంపు గుర్రం ఉంటుంది. తీగలు 7 కాబట్టి వాటిని బిగించే బిరడాలూ 7. మీరు 6 వేశారు.

మెట్లు 17 లెక్కపెట్టాను. 24 ఉండాలి. అవి దండికి మేకులు కొట్టి బిగించినట్టు వేశారు, అలా కాదు. నల్లటి మైనం కట్టలో కూర్చుతారు. ఆ నల్లటి కట్ట రెండు గీతల్లాగ దండి పొడుగునా కనపడాలి.

సొరకాయ బుర్ర యాళి వైపు దండి కింద ఉండాలి, ఎడమ తొడ మీద ఆనేలాగ. మీరు దాన్ని కుండ పక్కనే పెట్టీసినారు.

షోకేసులో పెట్టుకునే గిఫ్ట్ వీణని చూసి గీసినట్టుంది. వాటిల్లో అన్నీ పూర్తిగా ఉండవండి, సైజుకి తగ్గట్టు కుదించేస్తారు. పెద్ద వీణ చూడాల్సిందే.

కోటగట్టు

వేగావతి గారు చెప్పిన తిప్పుడు గొడవకి దారి ఉంది. కుండ ముందు అట్ట మీదే ఉండాలి, వీణ మాత్రం తప్పు కాకూడదు. అంతేగా? ఎదురుగా చూడ్డం మానెయ్యండి. వాయించే మనిషి కళ్లలోంచి కిందకి చూడండి. ఆవిడకి కుండ కుడివైపే, యాళి ఎడమవైపే. పుస్తకం అట్ట విప్పి పరిస్తే ముందు అట్ట కుడిన, వెనక అట్ట ఎడమన. రెండూ అలాగే సరిపోతాయి. ఏదీ తిప్పక్కర్లేదు.

ఇంకో లాభం, మనిషి అక్కర్లేదు. పని పూర్తయి చాప మీద పెట్టిన వీణని కూర్చున్నవైపు నుంచి చూసినట్టు వెయ్యొచ్చు. కథలు వీణ చేసేవాళ్లవి కదా, వాయించే చేతులు ఎందుకు అసలు?

వేగావతి_ఒడ్డు

ఇది బాగుంది మాస్టారూ. గొల్లపల్లి వెళ్లి పని చేసేవాళ్లు కూర్చునే వైపు నుంచి ఫొటో తీసుకోండి, తీగల వరస కూడా తప్పు పోదు. దగ్గరికెళ్లి తియ్యకండి. ఫోన్ లెన్సుకి దగ్గరున్న కుండ బండరాయంత, దూరంగా ఉన్న యాళి బల్లిపిల్లంత వస్తుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి, స్టూలు ఎక్కి, జూమ్ చేసి తియ్యండి.

నాగావళి_అక్షరం

నేను పేరు అక్షరాల గురించే మాట్లాడతాను.

"మెట్లెక్కిన" అన్నదానికి కింద రెండు వొత్తులు దిగుతాయి. ట్లె కింద ల వొత్తు, క్కి కింద క వొత్తు. మీరు "పాట"ని మధ్యకి సర్దారు కాబట్టి సరిగ్గా ట్లె కింద పా వచ్చింది. ల వొత్తు వచ్చి పా దీర్ఘం మీద కూర్చుంది. చిన్న సైజులో చూస్తే ఆ రెండూ కలిసి ఇంకేదో అక్షరంలా ఉంది. దాన్ని తప్పించడానికి మీరు వరుసల మధ్య దూరం పెంచారు. ఇప్పుడు రెండు వరుసలూ ఒక పేరుగా లేవు, పైది పేరు, కిందది ఉపశీర్షిక అనిపిస్తోంది.

మధ్యకి కాకుండా ఎడమకి సర్దండి. అప్పుడు పా వచ్చి మె కిందకి వెళ్తుంది. మె కి వొత్తు లేదు, పైన ఖాళీయే. ట వచ్చి ట్లె కిందకి వెళ్తుంది. ట కి తలకట్టు లేదు కాబట్టి ల వొత్తు దిగడానికి చోటు దొరుకుతుంది. క వొత్తు కింద ఏమీ ఉండదు, హాయిగా వేలాడుతుంది. అప్పుడు రెండు వరుసల్నీ మీ ఇప్పటి దూరంలో మూడో వంతుకి దగ్గరికి లాగొచ్చు. కుడివైపు కింద మిగిలిన ఖాళీలో రచయిత పేరు పెట్టుకోవచ్చు.

ఫాంటు రామభద్ర అనుకుంటాను. బొద్దుగా ఉంటుంది, దూరానికి కనపడుతుంది, పేరుకి సరిపోతుంది. రచయిత పేరుకి కూడా అదే వద్దు, చిన్న సైజులో లోపలి ఖాళీలు పూడిపోతాయి. మండలి లాంటిది చాలు. గురజాడ, గిడుగు అన్న ఫాంట్లు కూడా ఉన్నాయి, మన వైపు పేర్లే కదా అని ముచ్చటపడతారేమో, ఒకసారి పెట్టి చూడండి గానీ పేరు చూసి ఫాంటు ఎంచకండి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి, అచ్చు పుస్తకానికి వాడుకోవడానికి అడ్డు లేదు.

అక్షరాల మధ్య దూరం మీరు బాగా పెంచారు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది నప్పుతుంది. తెలుగులో పదం చెదిరిపోతుంది. సున్నా చెయ్యండి. ప్రెస్‌లో ఎవరైనా "అను" అనే పాత ఫాంటులో మళ్లీ టైపు చేస్తామంటే ఇంకా జాగ్రత్త. అందులో వొత్తు వేరే గుర్తు, దూరం పెంచితే అక్షరం ఒకచోట, వొత్తు ఇంకోచోట పడుతుంది.

చిన్నపత్రిక

ప్రచురణ వైపు నుంచి ఒక మాట. ఇప్పుడు సగం కొనుగోళ్లు ఫోన్ తెర మీద చూసి చేసేవే. ముందు అట్టని 160 పిక్సెల్స్ వెడల్పుకి కుదించి చూడండి. నేను చూశాను. వీణ బొమ్మ తెలుస్తోంది, "మెట్లెక్కిన" చదవగలిగాను, రచయిత పేరు గీతలా ఉంది, అడుగున ఎర్రపట్టీ మీద బొమ్మలు చీమల బారులా ఉన్నాయి.

అలాగే బొమ్మని నలుపు తెలుపు చేసి చూడండి. కుండ పసుపు, పేరు పసుపు రెండూ ఒకే బూడిదరంగులోకి వచ్చేస్తున్నాయి. కన్ను ముందు ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. ఒకటి కాస్త తగ్గాలి. నేనైతే కుండని తగ్గిస్తాను.

కోటగట్టు

ఎర్రపట్టీ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అవి సవర బొమ్మలు కావు. రెండు త్రిభుజాల మొనలు కలిపి ఒళ్లు గీసే పద్ధతి వార్లీది, మహారాష్ట్ర వైపుది. స్టాక్ సైట్లో "గిరిజన" అని వెతికితే వచ్చేది చాలామటుకు అదే. సవర చిత్రాల్లో ఒళ్లు అంత పదునైన త్రిభుజాలుగా ఉండదు. ముందు చుట్టూ చట్రం గీసి, వల అల్లినట్టు లోపలికి నింపుకుంటూ వస్తారు. ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు అవి. పూజకి సంబంధించినవి కూడా, అంచుకి అలంకారంగా వాడే పట్టీ కాదు. సీతంపేట వైపు చూసినవాళ్లకి మీ పట్టీ వెంటనే తేడా కొడుతుంది.

కథల్లో సవరల ఊసు ఉందా? లేకపోతే తీసెయ్యండి. ఉంటే ఆ కళ తెలిసిన మనిషిచేత వేయించి, డబ్బిచ్చి, పేరు వెయ్యండి.

అసలు బొబ్బిలి వీణ, పొందూరు ఖద్దరు, సవర బొమ్మలు మూడూ ఒకే అట్ట మీద పెడితే హస్తకళల ఎంపోరియం అద్దాల బీరువాలా ఉంది. వీణ ఒక్కటీ చాలదా?

చంపావతి_గీతలు

కథల్లో సవరల ఊసు లేదు. పట్టీ తీసేస్తున్నాను. ఖద్దరు మాత్రం వదలబుద్ధి కావడం లేదు, ఒక కథలో వీణకి చుట్టే గుడ్డ అదే. దాన్ని ఉంచితే నష్టం ఏమిటి?

ఆఫ్‌సెట్_పని

నష్టం ఉంది. చెప్తాను.

ఆఫ్‌సెట్‌లో బొమ్మ అంతా చుక్కలే. అంగుళానికి 150 గీతల స్క్రీన్ అయితే చుక్కకీ చుక్కకీ మధ్య 0.17 మి.మీ. పొందూరు సన్న నూలు గుడ్డలో పోగుల దూరం కూడా దానికి దగ్గరదగ్గరగానే వస్తుంది. రెండు సన్నటి వరసలు ఒకదాని మీద ఒకటి పడితే అలలు అలలుగా, జాలీ మీద జాలీ వేసినట్టు ఒక కొత్త నమూనా లేస్తుంది. మోయిరే అంటారు. తెర మీద కనపడదు, డిజిటల్ ప్రూఫ్‌లో కూడా ఒక్కోసారి కనపడదు, ప్లేట్ మెషీన్ ఎక్కాకే బయటపడుతుంది. అప్పటికి ప్లేట్ల ఖర్చు అయిపోయినట్టే.

ఉంచాలనుకుంటే గుడ్డని పెద్దది చేసి వాడండి. పోగుకీ పోగుకీ కనీసం 1 మి.మీ. దూరం ఉండేలా. అంటే నాలుగు చదరపంగుళాల ముక్క చూపించినట్టుగా కాకుండా, దగ్గరనుంచి చూసినట్టు. లేదా స్కాన్ వదిలేసి చేత్తో పోగులు గీయండి. చేతి గీతలో వంకరలుంటాయి, ఒకే దూరం ఉండదు, అలలు లేవవు. పైగా చేనేతలో ఉండే ఉండలు, తెగిన పోగులు మీ ఇష్టమొచ్చినచోట పెట్టుకోవచ్చు. నేపథ్యం అంతా పరవకండి. వీణ కింద పరిచిన గుడ్డగా ఒకచోట ఉంటే చాలు.

ఇక నలుపు. మీ ఫైల్ ఆర్‌జీబీలో ఉంది. మార్చే తీరుని బట్టి నలుపు నాలుగు రంగుల్లోనూ బాగా పైకి వెళ్లిపోతుంది. ఎవరో చేత్తో నాలుగూ 100 చొప్పున పెడితే 400 శాతం సిరా. ఆర్ట్ కార్డ్ మీద 300 దాటితే ఆరదు, కింద షీటు వెనకకి అంటుకుంటుంది, లామినేషన్ పట్టదు, బుడగలు లేస్తాయి. నలుపే కావాలంటే సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100. 240 శాతం. నిండుగా వస్తుంది.

నన్నడిగితే పూర్తి నలుపు వద్దు. మాట్ లామినేషన్ మీద నలుపంటే వేలిముద్రలు, గోటి గీతలు అన్నీ కనపడతాయి. నాలుగు పుస్తకాల సంతల్లో తిప్పేసరికి అంచులు తెల్లబడతాయి. ముదురు గోధుమరంగు అయితే కొంత కప్పుకుంటుంది. సయాన్ 40, మెజెంటా 65, ఎల్లో 75, బ్లాక్ 60 పెట్టి చూడండి, అదీ 240 శాతమే.

నాలుగు రంగుల ముదురు నేపథ్యంలోంచి సన్నటి అక్షరాన్ని తెల్లగా తవ్వకూడదు. ప్లేటు ఒక వెంట్రుకంత జరిగినా ఒకవైపు ఎరుపు అంచు, ఒకవైపు నీలం అంచు వచ్చి అక్షరం పూడుతుంది. మీ రచయిత పేరు 11 పాయింట్లు, సన్న గీత. కనీసం 14 చెయ్యండి, కాస్త మందం పెంచండి.

నాగావళి_అక్షరం

లేత నేపథ్యం ఎందుకు ఆలోచించకూడదు? పనస చెక్క పసుపుకి పాలమీగడ రంగు కూడా నప్పుతుంది, సిరా గొడవలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

చిన్నపత్రిక

పోతాయి గానీ ఫోన్లో తెల్ల తెర మీద లేత అట్ట అంచు తెలియకుండా కలిసిపోతుంది. పసుపు ముదురు మీదే లేస్తుంది. గోధుమరంగుకే నా ఓటు.

వేగావతి_ఒడ్డు

చెక్క రంగు కూడా చూసుకోండి. అప్పుడే చెక్కిన పనస పసుపుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి గోధుమరంగులోకి దిగుతుంది. మీ బొమ్మలో కుండ పసుపు, దండి ముదురు ఎరుపు గోధుమ. బొబ్బిలి వీణ ఏకాండం, ఒకే మొద్దులోంచి కుండా దండీ కలిపి తొలుస్తారు. అదే కదా దాని గొప్ప. రెండు రంగులు వేస్తే రెండు ముక్కలు అతికించినట్టయిపోతుంది. చెక్క పోగు కూడా దండి నుంచి కుండలోకి తెగకుండా పారాలి. కుండ మీది పలక మాత్రం వేరే ముక్క, అక్కడ గీత మారొచ్చు.

కోటగట్టు

మెట్ల మధ్య దూరం గురించి ఎవరూ అనలేదు. చంపావతి గారు ఒక మెట్టు గీసి, కాపీ చేసి, సమాన దూరంలో పరిచారు. వీణ మెట్లు అలా ఉండవు. యాళి వైపు ఎడంగా మొదలై కుండ వైపు వచ్చేకొద్దీ దగ్గరవుతాయి. 24 మెట్లంటే రెండు స్థాయిలు. 12వ మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర పడుతుంది, 24వది ముప్పావు దగ్గర. ఒక్కో సందు దాని ముందు సందుకంటే 5.6 శాతం తక్కువ. పని చేసేవాళ్లు చెవితో సరిచూసి మైనంలో కూర్చుతారు కాబట్టి వెంట్రుకవాసి తేడాలుంటాయి, బొమ్మకి ఈ లెక్క చాలు.

మీ అట్టకి అన్వయిస్తే ఇలా వస్తుంది. పెద్ద గుర్రాన్ని ముందు అట్ట మీద, వెన్ను అంచు నుంచి 85 మి.మీ. దగ్గర పెట్టండి. తీగ పొడవు 200 మి.మీ. అనుకుందాం. 24వ మెట్టు గుర్రానికి 50 మి.మీ. ఎడమన, అంటే ముందు అట్ట మీదే, వెన్నుకి 35 దూరంలో. 12వ మెట్టు గుర్రానికి 100 ఎడమన, వెన్ను దాటి వెనక అట్ట మీదకి 6.5 వెళ్లాక పడుతుంది. తీగ మొదలు వెనక అట్ట మీద వెన్ను నుంచి 106.5 దగ్గర. ఇంకా 33 మి.మీ. మిగిలింది, యాళి తల అందులో పడుతుంది. కుండ వెడల్పు 85 దగ్గర ఉంచితే కుడి అంచుకి 12 మి.మీ. పైనే ఖాళీ దొరుకుతుంది, కటింగ్ భయం లేదు.

ఈ కొలతల్లో యాళి వైపు మొదటి సందు 11.2 మి.మీ., చివరి సందు 3 మి.మీ. చూడ్డానికే ఎంత తేడా ఉందో గమనించండి. పుస్తకం పేరులోనే మెట్లు ఉన్నాయి కాబట్టి ఇది మాత్రం వదలొద్దు.

ఆఫ్‌సెట్_పని

దండి వెన్ను మీదుగా అడ్డంగా వెళ్లడం నాకు నచ్చింది. మడతలో 1, 2 మి.మీ. అటూ ఇటూ జరిగినా అడ్డగీత కాబట్టి తెలియదు. నిలువుగా ఏ అంచూ వెన్ను మడత మీద పెట్టకండి. వెన్నుకి వేరే రంగు పట్టీ అసలు వద్దు. కొన్ని కాపీల్లో ఆ పట్టీ ముందుకి తొంగిచూస్తుంది.

వెన్ను మీద పేరు దండికి పైన పడాలి. 8.5 వెన్నులో రెండువైపులా 1.5 వదిలితే మీకు మిగిలేది 5.5 మి.మీ. అందులో వొత్తులు కూడా ఇమడాలి. అంటే అక్షరం ఒళ్లు 3, 3.5 మి.మీ. కంటే పెద్దది రాదు. అదే ఒక్క వరుసలో రాసుకోండి, రచయిత పేరు వెన్ను అడుగున.

చిన్నపత్రిక

వెనక అట్ట మీద బార్‌కోడ్‌కి చోటు వదిలారా? కనపడలేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నెంబరు) బార్‌కోడ్ మామూలు సైజు 37.29 × 25.93 మి.మీ. 80 శాతం దాకా తగ్గించొచ్చు, అంతకంటే వద్దు. తెల్ల పెట్టెలో ఒక్క నలుపు సిరాతో మాత్రమే. అందం కోసం గోధుమరంగు గీతలు వేస్తామంటారు కొందరు. స్కానర్ ఎర్ర కాంతికి ఎరుపు కలిసిన గీత కనపడదు, కొట్టులో బీప్ రాదు. రెండువైపులా ఉన్న తెల్ల ఖాళీ కూడా కోయకూడదు. ఐఎస్‌బీఎన్ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దగ్గర ఉచితమే, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. నెంబరు చేతికొచ్చాక బార్‌కోడ్ పెట్టండి, అందాకా ఖాళీ పెట్టె ఉంచండి.

వెనక మాట 80 పదాలు దాటితే ఎవరూ చదవరు. దండికి పై ఖాళీలో సర్దండి.

చంపావతి_గీతలు

రెండో డ్రాఫ్ట్ పెట్టాను. గొల్లపల్లిలో పైనుంచి తీసిన ఫొటో ఆధారంగా వీణ మొత్తం మళ్లీ గీశాను. చేతులు లేవు. ముదురు గోధుమ నేపథ్యం, వీణ కింద చేత్తో గీసిన ఖద్దరు, కాన్వాస్ 314.5 × 242 మి.మీ. పేరు ఎడమకి సర్దాను. సీఎంవైకేలోకి (అచ్చు నాలుగు రంగుల్లోకి) మార్చడం ప్రోక్రియేట్‌లోనే చెయ్యాలా?

నాగావళి_అక్షరం

పేరు ఇప్పుడు ఒక ముద్దగా, ఒకే పేరుగా ఉంది. ల వొత్తు తోక ట పైన కుడివైపుకి ఇంకో 2 మి.మీ. జరిపితే ఇంకా బాగుంటుంది. దానికి అక్షరాల్ని అవుట్‌లైన్ చేసి (ఫాంటు నుంచి గీతలుగా మార్చి) ఆ ఒక్క ముక్కని జరపాలి. ఫాంటుగా ఉన్నప్పుడు కుదరదు.

ప్రోక్రియేట్‌లో ఆర్‌జీబీ కాన్వాస్‌గా మొదలుపెట్టినదాన్ని తర్వాత సీఎంవైకే చెయ్యలేరు. అక్కర్లేదు కూడా. ఆర్‌జీబీలోనే పూర్తి చేసి పీఎస్‌డీగా బయటికి తెచ్చి క్రితాలోనో ఫొటోషాప్‌లోనో తెరవండి. క్రితా ఉచితం. ప్రెస్ వాళ్లు ఏ ప్రొఫైల్ వాడతారో అడిగి, సాఫ్ట్ ప్రూఫ్ పెట్టి చూడండి, ప్రింట్‌లో ఏ రంగు చచ్చిపోతుందో ముందే తెలుస్తుంది. పసుపు బతుకుతుంది. యాళి కళ్లకి మీరు పెట్టిన మెరిసే ఆకుపచ్చ మాత్రం బురద రంగులోకి వెళ్తుంది, ఇప్పుడే మార్చుకోండి.

పేరు ప్రోక్రియేట్‌లో బొమ్మలో కలిపెయ్యకండి. అక్షరం పిక్సెల్ అయిపోతే అంచులు మసకబారతాయి. ఇల్లస్ట్రేటర్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో పైన వేరుగా పెట్టండి. పాత ఫొటోషాప్‌లో తెలుగు విడిపోయి వొత్తులు పక్కకొస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద దక్షిణాసియా భాషల ఆప్షన్ ఆన్ చెయ్యండి. ఫైల్ మూసి తెరిచాక సర్దుకుంటుంది.

ఆఫ్‌సెట్_పని

పసుపు చెక్కలో ఒక చిన్న పని. వెలుగు పడే చోట సయాన్ సున్నా ఉండాలి. మార్చినప్పుడు 4, 5 శాతం సయాన్ చొరబడి కుండ పచ్చి మామిడికాయ రంగు కొడుతుంది. కర్వ్స్‌లో సయాన్ ఒక్కటీ పట్టుకుని కిందకి లాగండి. వెలుగుకి మెజెంటా 25, ఎల్లో 85 దగ్గర మొదలుపెట్టండి. నీడకి సయాన్ 15, మెజెంటా 50, ఎల్లో 90, బ్లాక్ 20. మాట్ లామినేషన్ పడ్డాక రంగు ఒక మెట్టు దిగుతుంది కాబట్టి తెర మీద కాస్త ఎక్కువ వెలుగుగా ఉన్నా భయపడకండి.

పేరు మీద స్పాట్ యూవీ (అక్కడ మాత్రమే మెరుపు పూత) అడుగుతారేమో. రామభద్ర లాంటి లావు అక్షరానికి చెయ్యొచ్చు. తీగల మీద మాత్రం వద్దు. యూవీ అర మిల్లీమీటరు జరిగినా తీగ పక్కన ఇంకో తీగ మెరుస్తుంది, అప్పుడు ఏడు కాస్తా పద్నాలుగవుతాయి.

పంపేటప్పుడు అచ్చుకి వాడే పీడీఎఫ్ ఎక్స్-1ఏ రకం, బ్లీడ్ 3 మి.మీ., కట్ గుర్తులు ఆన్, ఫాంట్లు అవుట్‌లైన్. వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా లింకు ఇవ్వండి. ప్రూఫ్‌ని పగటి వెలుతురులో, లామినేషన్ వేసిన ముక్క పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద చూసి సంతకం పెట్టకండి.

వేగావతి_ఒడ్డు

మెట్లు 24, తీగలు 7, ఏకాండం రంగు, అన్నీ సరిపోయాయి. బిరడాలు మళ్లీ లెక్కపెట్టాను, ఆరే కనపడుతున్నాయి. ఏడోది బార్‌కోడ్ పెట్టె కింద దాక్కుందా ఏటి?

చంపావతి_గీతలు

అవును, పెట్టె కిందే ఉంది. పెట్టెని అడుగుకి 9 మి.మీ. దించాను, ఇప్పుడు కనపడుతోంది. ప్రెస్ నుంచి డమ్మీ వచ్చింది, వెన్ను 8.8. దాన్నే పెట్టి పీడీఎఫ్ తీస్తున్నాను.